శుక్రవారం గడప

కర్ర ఇల్లు అనగానే "అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందండీ?" అని అడగని తెలుగువాణ్ణి ఆస్ట్రేలియాలో నేనింతవరకూ చూడలేదు. అలాంటి ఇళ్ళు గీసి, కట్టించి, వాటి నేల కిందికి పాక్కుంటూ దూరి చూసి ఇరవై రెండేళ్ళు గడిపాను. "మరి మీరుండే ఇల్లో?" అన్నది రెండో ప్రశ్న. మాదీ కర్రదే. ఇంకా అంటుకోలేదు.

ఈమధ్యనే పని మానేశాను. యూనివర్సిటీ నుంచి నేరుగా మా వర్క్‌షాపులో చేరిన ఇద్దరు తెలుగమ్మాయిలు, "ఆంటీ, యూనిలో చెప్పనివి ఏవైనా ఉంటే రాసివ్వండి ప్లీజ్" అని వెంటపడ్డారు. ప్రమోషన్లూ, మీటింగులూ, అనుమతుల ఫారాలూ వాళ్ళకి ఎలాగూ తప్పవు కాబట్టి వాటి గురించి రాయను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి ఒక్కటే చేశాను గానీ ఇళ్ళు చాలానే కట్టాను. అయినా నాకు వచ్చిన నాలుగు ముక్కలూ దాదాపు ఒక్క ఇంట్లోనే వచ్చాయి, అదీ ఆ ఇంటి గడప దగ్గర.

జావా రాలేదు

రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి మూర్ఛపోతాయని అందరూ హడలిపోయిన రోజులవి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారు, తొంభై తొమ్మిది తరవాత సున్నా సున్నా వస్తే అవి ఏ శతాబ్దమో తెలియక తికమకపడతాయి. వై టూ కే అని పిలిచిన ఆ రోగానికి మందు వేసేవాళ్ళలో మా ఆయన ఒకరు. ఆయన వెనకాల నేనూ విజయనగరం నుంచి బ్రిస్బేన్ వచ్చాను, సివిల్ ఇంజనీరింగు డిగ్రీ పెట్టెలో పెట్టుకుని.

ఆదివారం భోజనాల దగ్గర అందరిదీ ఒకటే మాట. "సివిల్ ఇక్కడ వేస్టండీ రాజ్యలక్ష్మిగారూ. ఆర్నెల్లు కోర్సు చేసి జావాలోకి జంప్ అయిపోండి. మా తోటికోడలు బోటనీ చదివింది, ఇప్పుడు బ్యాంకులో కాంట్రాక్టు, కారు కూడా కొనేసింది!"

సరే, చేరాను. క్లాసు ఒక పాత కర్ర హాల్లో జరిగేది. పంతులుగారు బోర్డు మీద ఏదో రాస్తుంటే నేను మెడ వెనక్కి వాల్చి పైకప్పు దూలాలు చూస్తూ కూర్చునేదాన్ని. మూడు వారాల్లో జావా రాలేదు గానీ ఆ కప్పు దేని మీద నిలబడిందో మాత్రం పూర్తిగా అర్థమైంది. నాలుగో వారం, రెండు గంటల దూరాన టూవూంబా అనే ఊళ్ళో కర్ర ఇళ్ళు చేసే వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే మనిషి కావాలని పేపర్లో చూసి బస్సెక్కాను.

వర్క్‌షాపు యజమాని పేరు లెస్. అరవై దాటిన వడ్రంగి, మాటలు తక్కువ. నా సర్టిఫికెట్లు చూడలేదు. బల్ల మీద రెండు కర్రముక్కలు పెట్టి, "వీటిలో ఏది వానలో పెడతావు?" అని అడిగాడు. రెండూ చేత్తో పట్టి బరువు చూశాను. తరవాత వాసన చూశాను. మా ఊళ్ళో వడ్రంగులు అలాగే చూసేవారు మరి. తేలిగ్గా, తెల్లగా ఉన్నదాన్ని పక్కన పెట్టి, ఎర్రగా ఇనుపముక్కలా ఉన్నది చూపించాను.

"షీ స్మెల్ట్ ఇట్!" అని లెస్ లోపలికి కేకేశాడు. అంతే, ఉద్యోగం వచ్చేసింది. రాజ్యలక్ష్మి అనడం వాళ్ళ వల్ల కాక మర్నాటి నుంచి నన్ను రాజ్ అన్నారు. ఆ తెల్లది హూప్ పైన్ అనీ, ఎర్రది ఐరన్‌బార్క్ అనీ అప్పుడు తెలిసింది. ఆ రెండు ముక్కలూ ఈ కథలో మళ్ళీ వస్తాయి, గుర్తుపెట్టుకోండి.

సూర్యుడు ఏ పక్కన?

మొదటి నెలలోనే నా పరువు పోయింది. ఒక చిన్న ఇంటికి బొమ్మ గీయమన్నారు. టూవూంబా కొండ అంచున ఉంటుంది, చలికాలం పడమటి గాలి ఎముకల్లోకి దూరుతుంది. అందుకని చలికాలపు ఎండ బాగా రావాలని పెద్ద కిటికీలన్నీ దక్షిణం వైపు పెట్టి, చాలా ముచ్చటగా గీసిచ్చాను.

లెస్ చూశాడు. కాగితాన్ని తలకిందులుగా తిప్పి నా ముందు పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

అయిదు నిమిషాలకి వెలిగింది. ఇక్కడ సూర్యుడు ఉత్తరం పక్క నుంచి పోతాడు. ముప్పై ఎనిమిదేళ్ళు నెత్తి మీద చూసిన సూర్యుణ్ణి నేను సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చేసుకున్నాను. దాన్నే నేను అనుభవం అనుకుంటున్నాను, అదీ సంగతి. మీరు ఏ దేశం నుంచి వచ్చినా సరే, మొదటివారం ఒక పుల్ల పాతి నీడ ఎటు పడుతోందో చూడండి. సిగ్గుపడక్కర్లేదు, నేను ఇప్పటికీ చూస్తాను.

మంచి బాసు అంటే ఎవరని అడిగితే నా జవాబు ఇదే. తిట్టేవాడు కాదు, పొగిడేవాడు అంతకన్నా కాదు. కాగితం తిప్పి టీకి వెళ్ళిపోయేవాడు.

వాన ఇంట్లోకి

ఏడాది తిరిగేసరికి సుధాకర్ గారు వచ్చారు. ఆయనా కంప్యూటర్ల మనిషే, మా ఆయన లాగే ఆ రెండంకెల రోగానికి మందు వేసే పనిలోనే ఉన్నారు. ఆయన భార్య టూవూంబా ఆస్పత్రిలో నర్సు కాబట్టి ఇల్లు ఇక్కడే కట్టుకోవాలి. వాళ్ళతో పాటు ఆయన తల్లి పార్వతమ్మగారు, పాలకొల్లు దగ్గరి మనిషి. పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

కొడుకు తనకి కావాల్సినవన్నీ చెప్పాక ఆవిడ అడిగారు. "అమ్మాయ్, ఈ దేశంలో మండువా ఇల్లు కడతారా?"

మండువా అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. చుట్టూ నాలుగు పక్కలా గదులు, మధ్యలో ఆకాశం. నాలుగు కప్పులూ లోపలికి వాలి, వాన నాలుగు వైపుల నుంచీ ఇంటి నడిమధ్యలో పడుతుంది. నిలువెత్తు కర్ర స్తంభాల మీద నిలబడే ఇల్లది. ఆవిడ నోట ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అందరూ పోటీలు పడి కంప్యూటరు మీద గీసే అద్దాల పెట్టెలు చూసి చూసి విసుగెత్తి ఉన్నాను.

లెస్‌కి చూపిస్తే తల గోక్కున్నాడు. "మనం యాభై ఏళ్ళుగా వానని బయటికి తోలడానికి పాట్లు పడుతుంటే, నువ్వు లోపలికి పిలుస్తావా?" అన్నాడు. మొదట నేను లోపలి చూరు పొడవునా గట్టర్లు పెట్టాను. యూకలిప్టస్ ఆకులతో గట్టరు పూడిపోతే నీళ్ళన్నీ గదుల్లోకే అన్నాడు. నిజమే. నాలుగు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక, మన ఊళ్ళ మండువాలకి గట్టర్లే లేవని గుర్తొచ్చింది. చూరు నుంచి నీళ్ళు ధారగా నేరుగా కింద పడిపోతాయి, పూడడానికి ఏమీ ఉండదు. గట్టర్లు తీసేశాను. మధ్యలో సందులున్న పలకలు వేసి, పడిన వానంతా కింద ట్యాంకులోకి పోయేలా చేశాను. ఈసారి సూర్యుణ్ణి మరిచిపోకుండా, శీతాకాలం ఎండ లోపలికి దిగేలా ఉత్తరం వైపు కప్పు తగ్గించాను. లెస్ బొమ్మని తిప్పి చూడలేదు. "రైట్‌ఓ" అన్నాడు.

కట్టింది అప్పన్న. ఆయన ఫిజీ నుంచి వచ్చిన వడ్రంగి. విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లోకి కూలికి వెళ్ళిన తాతగారి మనవడు. ఫిజీలో గొడవలయ్యాక కుటుంబంతో ఇక్కడికి వచ్చేశాడు. ఆయన తెలుగు ఎవరూ దుమ్ము దులపకుండా తాత దగ్గర్నుంచి అలాగే దిగింది. ఆ యాస వింటే నాకు మా పేటలో ఉన్నట్టే ఉండేది. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు, నాకు నలభై వస్తున్నా.

గోడల్లేని గుమ్మం

మా వర్క్‌షాపులో గోడలన్నీ చట్రాలుగా తయారై లారీలో వెళతాయి. తలుపులు ఆఖరున బిగిస్తారు. పార్వతమ్మగారు మాత్రం, "ద్వారబంధం ఎత్తకుండా గోడ లేపుతారా? ఎక్కడైనా ఉందా?" అన్నారు. ముహూర్తం శుక్రవారం పొద్దున్న పదిన్నరకి.

లెస్‌కి ఎలా చెప్పాలో తెలియక చెప్పేశాను. "గోడలకి ముందే గుమ్మం కావాలట."

"దేనికి బిగిస్తాం?"

"దేనికీ కాదు. నిలబెట్టాలి, అంతే."

ఆ శుక్రవారం కొండ మీద దట్టంగా మంచు. నేల పలకలు పరిచి ఉన్నాయి, ఇంకేమీ లేదు. మధ్యలో ద్వారబంధం ఒక్కటీ ఊతకర్రలతో నిలబడింది. మామిడాకులు దొరక్క కరివేపాకు రెబ్బలు కట్టారు. పసుపు గుడ్డలో నవధాన్యాలు. పార్వతమ్మగారు కొబ్బరికాయ కొడుతుంటే వడ్రంగులందరూ టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు.

ఆ తరవాత వారం రోజుల దాకా గోడల్లేవు. చుట్టూ ఎటు నుంచైనా ఎక్కి రావచ్చు. కానీ ఒక్కడు కూడా పక్క నుంచి రాలేదు. భుజం మీద ఎంత బరువున్నా తిరిగొచ్చి గుమ్మంలోంచే వచ్చేవారు, లెస్‌తో సహా. ఒకసారి నేను తొందరలో పక్క నుంచి దూకబోతే, "ఓయ్ రాజ్, యూజ్ ద డోర్!" అని నలుగురూ అరిచారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంతగా నవ్వుకున్న వారం ఇంకొకటి లేదు.

ఇల్లు చాలా బాగా వచ్చింది. చెప్పుకుంటే గొప్పలు గానీ, వాన పడిన రోజున ఆ మండువా చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు వచ్చేవారు. లెస్ ఇంకో రెండు మండువాలకి ఆర్డరు తీసుకున్నాడు.

తెల్ల కర్ర

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఆ ఇంటికి నేనో నియమం పెట్టుకున్నాను. పాత అడవిలో చెట్టు ఒక్కటి కూడా కొట్టకూడదు, కర్రంతా పెంచిన తోటలదే కావాలి. అప్పటికి ఈ పర్యావరణం మాట బ్రోషర్లలోకి పచ్చాకు బొమ్మతో సహా ఎక్కలేదు. అందుకని నాకు ఇంకా గర్వం. గడప కూడా తోటలో పెంచిన హూప్ పైన్‌తోనే చేయించాను. వెడల్పుగా, జానెడెత్తున, మధ్యలో పద్మం చెక్కించి, పసుపు రంగు వేయించి. మా అమ్మ గడప కంటే అందంగా ఉండాలని పంతం.

అప్పన్న బాబాయ్ దాన్ని చూసి బొటనవేలి గోరుతో నొక్కాడు. గాటు పడింది. "అదేటి పాపా, గడపకి మెత్త కర్రెట్టేస్తన్నావు? మా తాత సెప్పీవోడు, ఇంట్లో అందరికన్నా గట్టిది గడపవ్వాలని."

"అది ఆ కాలం బాబాయ్. ఇప్పుడు రంగు వేస్తున్నాం కదా, ఏం కాదు" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేది నాలాంటి వాళ్ళని చూసే పుట్టుంటుంది. ఆయన ఇంకేమీ అనలేదు.

రెండున్నరేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ మూర్ఛపోలేదు, ఆ తరవాత కాంట్రాక్టులే మూర్ఛపోయాయి. మా ఆయన ఇంట్లో కూర్చుని వంట నేర్చుకుంటున్నారు. సుధాకర్ గారికీ పని పోయింది. అలాంటి రోజుల్లో ఒకనాడు ఆయన ఫోను. "మేడమ్, మీ గడపలోకి నా మడమ దిగిపోయింది."

ఇక్కడి కర్ర ఇళ్ళు పొట్టి స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి, కింద మనిషి పాకేంత జాగా. వెళ్ళి నేల కింద దూరాను. స్క్రూడ్రైవరుతో గడప కింది దూలం కొస నొక్కితే ఉడికిన కందలోకి దిగినట్టు దిగింది. పైనుంచి నీళ్ళు దిగి దిగి కుళ్ళింది. చెదలకి కావాల్సింది రెండే, తడీ చీకటీ. మా స్తంభాల నెత్తిన చెదలు దాటకుండా రేకు టోపీలుంటాయి, కానీ చెదలు మెట్ల వెనక నుంచి మట్టి దారి కట్టుకుని నేరుగా ఆ తడి దగ్గరికే ఎక్కేశాయి. ముందు గోడలోకి ఇంకా వెళ్ళలేదు. ఇంకో ఏడాది ఆగితే ఆ గోడ ఉండేది కాదు.

ఇంత నీరు ఎక్కణ్ణుంచి వచ్చింది? బయటికొచ్చి చూస్తే గడప మీద పసుపు, కుంకుమబొట్లు, బియ్యప్పిండి ముగ్గు. శుక్రవారం శుక్రవారం పార్వతమ్మగారు బిందెడు నీళ్ళు పోసి గడప కడుగుతున్నారు. ఆ మాటకొస్తే ఏ గడపనైనా ఇంకేం చేస్తారు?

పిల్లి మీదా ఎలక మీదా

వర్క్‌షాపుకి వచ్చి లెస్‌కి చెప్పాను. ఆయన ఇల్లు అప్పజెప్పేటప్పుడు ఇచ్చే కాగితం తీశాడు. గుమ్మాల దగ్గర నీరు నిలవనివ్వకండి అని అందులో అచ్చు వేసి ఉంది. "పేపర్లో ఉంది రాజ్. వాళ్ళు నీళ్ళు పోశారు, మన తప్పు కాదు అనొచ్చు. లేదా మన తప్పే అనొచ్చు. అప్పుడు ఇంకా కట్టడం మొదలుపెట్టని ఆ రెండు మండువాలవాళ్ళకీ చెప్పాలి, వాళ్ళు వద్దంటే వద్దన్నట్టే. ఇల్లు నీది, నువ్వే చెప్పు" అన్నాడు. అని, అల్మారాలోంచి రెండు కర్రముక్కలు తీసి నా బల్ల మీద పెట్టి టీకి వెళ్ళిపోయాడు.

ఒకటి తెల్లది. ఒకటి ఎర్రది. ఉద్యోగానికి వచ్చిన రోజున సరిగ్గా చెప్పిన జవాబు, ఉద్యోగం ముదిరాక తప్పు చెప్పాను. చాలాసేపు వాటి వంకే చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది కూడా.

మర్నాడు సుధాకర్ గారింటికి వెళితే ముందు తలుపు మూసి ఉంది. పక్కనున్న లాండ్రీ గది తలుపులోంచి పార్వతమ్మగారు వచ్చారు. కొడుకు మడమ దిగిన రోజు నుంచీ ఆవిడ ముందు గుమ్మం తొక్కడం లేదట.

"నా వల్లే ఇల్లు పాడైందిట గదమ్మా" అన్నారు. "నాకేం తెలుసు, గడపన్నాక కడుక్కోమా? ఇహ దాని జోలికి పోనులే. తడిగుడ్డ కూడా పెట్టను."

సుధాకర్ గారు వెనకాలే వచ్చారు. పని లేని మగవాడి విసుగు ఎలా ఉంటుందో నాకు మా ఇంట్లోనే తెలుసు. "వన్ థింగ్ చెప్పండి మేడమ్, ఎవరైనా ఉడెన్ హౌస్‌లో బకెట్లతో వాటర్ పోస్తారా? అమ్మకి ఎన్నిసార్లు చెప్పాను, దిస్ ఈజ్ నాట్ పాలకొల్లు అని!"

ఆ పెద్దావిడ తల దించుకుంది. లెస్ చూపించిన కాగితం నా సంచిలోనే ఉంది. తీసి ఆయన చేతికిస్తే నేను బయటపడేదాన్ని, లెస్ బయటపడేవాడు, ఆవిడ జీవితాంతం లాండ్రీ తలుపులోంచి నడిచేది. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తప్పించుకోవడం ఈ వృత్తిలో చాలా తేలిక. కాగితాలు అందుకే ఉంటాయి.

"సుధాకర్ గారూ, ఒక్క మాట అడుగుతాను" అన్నాను. "సంవత్సరానికి రెండంకెలు రాసినవాళ్ళకి రెండువేలు వస్తుందని తెలియదా?"

"ఎందుకు తెలీదు? అందరికీ తెలుసు. అప్పటిదాకా ఎవడుంటాడులే అనుకున్నారు."

"మరి తప్పు వాళ్ళదా, వచ్చిన సంవత్సరానిదా?"

ఆయన నా వంక చూశారు.

"శుక్రవారం వారం వారం వస్తుందండీ. మా అమ్మ కూడా శుక్రవారం గడప కడిగేది, దాని మీద కాలేస్తే మా వీపు మోగేది. గడప ఉన్నదే కడగడానికని తెలిసీ, నేను చూడ్డానికి అందంగా ఉండాలని మెత్త కర్ర పెట్టాను. మా వడ్రంగి వద్దన్నా వినలేదు. పిన్నిగారిది ఇందులో ఏమీ లేదు. ముందు గుమ్మం మొత్తం తీసి మళ్ళీ చేస్తాం."

సుధాకర్ గారు ఉండబట్టలేక నవ్వేశారు. "అంటే మా అమ్మ గడపకి కూడా వై టూ కే వచ్చిందన్నమాట" అన్నారు. తల్లి వైపు తిరిగి, "సారీ అమ్మా" అన్నారు, చిన్నగా. ఆవిడకి వై టూ కే అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. సారీ మాత్రం వినిపించింది.

మిగతా రెండు ఇళ్ళవాళ్ళకీ నేనే ఫోను చేసి చెప్పాను. ఇద్దరూ వద్దంటారని భయపడ్డాను. ఒకావిడ, ముందే చెప్పినందుకు సంతోషం, కొత్త గడపతోనే కట్టండి అంది. ఇంకొకాయన అసలు ఇల్లే వద్దన్నాడు. అదీ న్యాయమే.

ఎర్ర కర్ర

కొత్త గడపకి కర్ర పడగొట్టిన ఒక పాత వంతెనలో దొరికింది. ఐరన్‌బార్క్ దూలం, తరతరాలు వానలో నానిన కర్ర. కొత్తగా ఏ చెట్టూ కొట్టలేదు, నా నియమమూ చెడలేదు. ఈ మాట కొత్త పిల్లలు బాగా వినాలి. తోటలో పెంచిన కర్రయినా సరే, మూడేళ్ళకి కుళ్ళితే అది ప్రకృతికి మేలు చేసినట్టు కాదు. ఏ కర్ర మంచిదని అడక్కండి, ఏ పనికి మంచిదని అడగండి.

అప్పన్న బాబాయ్ దానికి బెజ్జాలు వేస్తుంటే పొగ లేచింది, రెండు డ్రిల్లు బిట్లు విరిగాయి. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఇదీ గడపంటే! ఏనుగెక్కినా ఏటీ అవదు."

"నువ్వు చెప్తే వినలేదు బాబాయ్" అన్నాను.

"సెప్పినోడికీ తప్పుంది పాపా. ఒకపాలి సెప్పి ఊరుకున్నాను. నువ్వు ఇంజనీరువి, నానేటి సెప్తానులే అనుకున్నాను. పదిపాళ్ళు సెప్పాల్సింది." గోడల్లేని గుమ్మంలోంచి నడిచిన ఆ మనిషికి నేను బాకీ పడ్డ గౌరవం ఇంతా అంతా కాదు. మీ వర్క్‌షాపులో ఒక్కసారే చెప్పి ఊరుకునేవాళ్ళు ఎవరో కనిపెట్టండి. వాళ్ళని రెండోసారి మీరే అడగండి.

ఈసారి గడపని నేలకి ఆనించలేదు. రెండు ఇనుప చేతుల మీద విడిగా కూర్చోబెట్టాం. ఇంటికీ దానికీ మధ్య వేలు పట్టేంత సందు, బయటికి కాస్త వాలు. కింద ఒక రాగి తట్ట, అక్కణ్ణుంచి గొట్టం దూరంగా ఉన్న నిమ్మ చెట్టు మొదట్లోకి. సందులోకి టార్చి వేస్తే చెదలు వచ్చినా కనిపిస్తాయి. ఇప్పుడు మా వర్క్‌షాపు ఇళ్ళన్నిటికీ ఇదే గడప. వడ్రంగులు దాన్ని ఫ్రైడే స్టెప్ అంటారు. బురద బూట్లతో వచ్చే రైతులు హోసు పెట్టి కడుక్కోవచ్చని తెగ మెచ్చుకుంటారు. మా కొత్తమ్మాయిల్లో ఒకరు, "ఆంటీ, ఫ్రైడే అని ఎందుకు? హూ వాజ్ ఫ్రైడే?" అని అడిగింది. అందుకే ఇంత రాశాను.

ఇల్లు గీసే ముందు ఎన్ని గదులు కావాలని అందరూ అడుగుతారు. మీరు అది అడిగాక, శుక్రవారం పొద్దున్న ఇంట్లో ఏం చేస్తారని కూడా అడగండి. ముస్లిం డాక్టరుగారింట్లో నమాజుకి ముందు వజూకి కాళ్ళెక్కడ కడుక్కుంటారో, రైతు ఇంట్లో కుక్క ఎక్కడ దులుపుకుంటుందో, అదీ అడగండి. ఇంటిని కుళ్ళబెట్టేదీ నిలబెట్టేదీ అలాంటివే.

కొత్త గడప బిగించిన మొదటి శుక్రవారం నేనూ వెళ్ళాను. పార్వతమ్మగారు స్నానం చేసి, బిందె పట్టుకుని ముందు గుమ్మం దగ్గర నిలబడ్డారు. పోయడానికి చెయ్యి రావడం లేదు. ఒక చెంబుడు వంచి, మళ్ళీ ఆపేసి, కొడుకు వంక చూశారు. ఆయన నా వంక చూశారు.

"పిన్నిగారూ, ఒక్క నిమిషం ఆగండి" అని చెప్పి, టార్చి తీసుకుని నేల కిందికి పాక్కుంటూ వెళ్ళాను. సరిగ్గా గడప కింద వెల్లకిలా పడుకున్నాను. ముఖానికి మూరెడెత్తున కొత్త దూలం.

"ఇప్పుడు పొయ్యండి! బిందెడూ పొయ్యండి!"

పైన నీళ్ళ చప్పుడయింది. రాగి తట్ట మోగింది. గొట్టంలోంచి నిమ్మ చెట్టు వైపు బుడబుడా వెళ్ళిపోయాయి. దూలం మీద చెయ్యి పెట్టి తడిమాను. పొడి.

"తడిసిందా అమ్మాయ్?"

"లేదండీ!"

"ఇంకో బిందె పోస్తా, సరిగ్గా చూడు!"

రెండో బిందె పడింది. మూడోది కొడుకు చేత తెప్పించి పోయించారు. నా ముఖం మీద ఒక్క చుక్క పడలేదు. కింద పడుకుని నేను నవ్వుతున్నాను, పైన ఆవిడ నవ్వడం పలకల సందుల్లోంచి వినిపిస్తోంది.

"సరేలే, ఇక పైకి రా" అన్నారు. "ఆ లాండ్రీ తలుపులోంచి కాదు, ఇటు నుంచే రా. పసుపు నువ్వే రాద్దువుగాని."